కరవది గిత్త, ఉబెరాబా మంద

శ్రోతలకు నమస్కారం. ఈ మధ్య అందరి ఫోన్లలో ఒక ఆవు వీడియో తిరిగింది, మీరూ చూసే ఉంటారు. వియాటినా-19 అని బ్రెజిల్ ఆవు. బరువు 1,101 కిలోలు, ధర మన రూపాయల్లో దాదాపు నలభై కోట్లు. మన ఒంగోలు జాతే కదా అని గుంటూరు టీ కొట్ల దగ్గర కూడా చెప్పుకున్నారు. నిజమే, బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచేది మన ఒంగోలు పశువునే. ఆ నెలోర్‌ను అక్కడ తరతరాలుగా పెంచిన ఒక కుటుంబం గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుంది, ఎందుకంటే వాళ్ల మందలో ముఖ్యమైన గిత్త వెళ్లింది మన దగ్గర్నుంచే.

బ్రెజిల్ ఆగ్నేయ భాగాన మీనాస్ జెరాయిస్ అనే రాష్ట్రంలో ఉబెరాబా అని ఒక ఊరుంది. అక్కడి పశువుల కామందు విసెంటె రొడ్రిగెస్ డ కున్యా. తన పేరులోని మొదటి అక్షరాలు, వీ, ఆర్, తన పశువులకు గుర్తుగా పెట్టుకున్నాడు. ఆయన కొడుకు టోరెస్ ఓమెమ్, ఆ తర్వాతి తరాలవాళ్లు కూడా ఆ గుర్తును వదల్లేదు. అక్కడి పశువుల క్షేత్రం మన కొట్టం లాంటిది కాదు, కనుచూపు మేర పచ్చిక, అందులోనే మేత, అందులోనే ఈనడం, ఎండావానా అన్నీ పశువు తట్టుకోవాల్సిందే. యూరప్ జాతులు ఆ ఎండకు, ఆ పిడుదులకు నిలవలేకపోయేవి. వదులైన చర్మం, వేలాడే గంగడోలు, గడ్డి ఎంత నాసిరకమైనా తిని అరిగించుకునే శక్తి ఉన్న మన పశువు నిలిచింది. 1868లో ఒక ఓడ సాల్వడోర్ రేవులో ఆగినప్పుడు ఒంగోలు జంట ఒకటి అక్కడ అమ్ముడుపోయిందని వాళ్లు చెప్పుకుంటారు. పదేళ్లకు ఇంకో ఆసామి జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి కూడా తెప్పించుకున్నాడు.

1921లో బ్రెజిల్‌లో ముసర వ్యాధి, అంటే పశువులను మందలకు మందలుగా చంపే అంటురోగం, కనిపించింది. దాంతో మన దేశం నుంచి పశువులను తెచ్చుకోవడం ఆపేశారు, తర్వాత 1930లో, 1960లో, 1962లో మాత్రం ప్రత్యేకంగా అనుమతించారు. ఆ 1962 విడతలోనే టోరెస్ ఓమెమ్ మన వైపు పశువులను కొన్నాడు. వాటిలో ఒక గిత్త పేరు కర్వాది. అది మన కరవదే! విజయవాడ నుంచి రైలెక్కితే ఒంగోలుకు ముందొచ్చే చిన్న స్టేషన్. ఆ పశువులను ముందు ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో దించి, రోగం లేదని తేలేదాకా అక్కడే ఉంచి, ఆ తర్వాతే ప్రధాన భూమికి తీసుకెళ్లారు. ఇవాళ బ్రెజిల్ నెలోర్ వంశవృక్షాలు తిరగేస్తే కర్వాది పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది.

నాకు ఇక్కడ మనసు ఆగిపోతుంది. ఆ గిత్త తల్లి ఎవరి కొట్టంలో పుట్టింది? దాని తాత ఏ ఊరి ఆబోతు? బ్రెజిల్ వాళ్లు 1938 నుంచి నెలోర్‌కు వంశం రిజిస్టరు రాస్తున్నారు, అందులో దూడల తల్లిదండ్రుల పేర్లు కూడా ఎక్కిస్తారు. మన పెద్దలకు ఆ తెలివి తక్కువేం కాదు. పెద్దవాళ్లు పోయినప్పుడు మంచి కోడెదూడను ఏరి, ముద్ర వేసి దేవుడి పేరున వదిలేవారు, అది ఊరందరి ఆవులకూ ఆబోతు అయ్యేది. సుళ్లు చూసేవారు, మూపురం చూసేవారు, నడక చూసేవారు, కోడెదూడ అయితే పాలు పితక్కుండా దానికే వదిలేవారు. మా నాయనమ్మ ఏ పెయ్య ఎవరింటి ఆవు కడుపున పుట్టిందో వరసగా చెప్పేది, ఆవిడకు అక్షరం రాదు. ఆవిడతోపాటే ఆ లెక్కంతా పోయింది.

తర్వాత ట్రాక్టర్లొచ్చాయి. జొన్న వేసే చేలల్లో పొగాకు వేశారు, దాంతో చొప్ప తగ్గింది, ఊరి బీళ్లు ఆక్రమణల్లోకి పోయాయి. పాలకు గేదె ఉంది, దుక్కికి ట్రాక్టరుంది, మరి ఒంగోలు ఆవు ఎందుకన్న ప్రశ్న ప్రతి ఇంట్లో వచ్చింది, ఆ రైతును నేను తప్పుపట్టను, మేత కొని ఆవును సాకడం మాటలు కాదు.

ఒక్కటి మాత్రం గట్టిగా అంటాను. సంక్రాంతికి బండలాగుడు పోటీల్లో గిత్తల జతకు లక్షలు పోస్తున్నాం. గిత్త నోట్లో వచ్చిన పళ్లను, అంటే వయసును బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు, తెల్లవార్లూ జనం, ఈలలు. గిత్త మీద ఉన్న ప్రేమలో నాలుగో వంతైనా దాన్ని కన్న ఆవు మీద లేదు. ఆవు కబేళాకు పోతే రేపు బండ లాగే గిత్త ఎక్కడి నుంచి వస్తుంది? ఉబెరాబా కుటుంబం తరాలపాటు నిలబడిందంటే ఆవులను తరం తర్వాత తరం అట్టిపెట్టుకోవడం వల్లే.

మనకు దారి లేకపోలేదు. గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో లాం ఫారం ఉంది, అక్కడి పశు పరిశోధన కేంద్రంలో ఒంగోలు మంద ఉంది, మేలైన ఆవుల నుంచి పిండాలు తీసి వేరే ఆవుల్లో పెట్టే పని కూడా చేశారు. ఒంగోలు ఆవు ఉన్న రైతులు ఒకసారి వెళ్లి మాట్లాడండి. మీ ఇంట్లో పాత పశువుల సంగతులు గుర్తున్న పెద్దవాళ్లుంటే వాళ్ల పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. తల్లి ఏ ఇంటిది, ఏ ఆబోతుకు కట్టింది, ఏ ఏడు ఈనింది, దూడ ఎవరికి అమ్మారు, ఈ నాలుగూ రాసుకోండి. నమస్కారం.