చలి రాత్రుల్లో బండికి తెర

శ్రోతలకు నమస్కారం.

డిసెంబర్ చివర్లో రాత్రి పది దాటాక సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా నుంచి మిర్యాలగూడ దాకా ఏ ఊరి పొలాల వైపు చూసినా చీకట్లో దీపాలు కదులుతుంటాయి. యాసంగి నాట్లకు దమ్ము చేస్తున్న, అంటే నీళ్లు పెట్టిన పొలాన్ని బురదగా దున్నుతున్న ట్రాక్టర్లవి. నీళ్లు అందరికీ ఒక్కసారే వస్తాయి, ట్రాక్టర్లు మాత్రం ఊరికి కొన్నే ఉంటాయి. పగలు ఒకరి పొలం, రాత్రి మరొకరి పొలం. ఆ సీటు మీద కూర్చున్న మనిషికి పైన ఎండ కోసం వేసిన టాప్ తప్ప చుట్టూ ఏమీ ఉండదు. దమ్ముకు వేసే ఇనుప చక్రాలు, కేజ్ వీల్స్, ఎగజిమ్మిన బురదతో ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంటుంది.

మన దగ్గర చలి ఎంతలే అనుకుంటాం. 12 డిగ్రీలు ఉన్న రాత్రి గంటకు 25 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది తొమ్మిదిన్నర డిగ్రీల్లా తగులుతుంది. తడిసిన బట్టలుంటే చలి ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున మూడింటికి వేళ్లు కొంకర్లు పోతాయి. క్లచ్ మీద ఉన్న పాదానికి స్పర్శ సరిగా తెలియదు. యంత్రం మీద కూర్చున్న మనిషికి ఇది చిన్న ఇబ్బంది కాదు, ప్రమాదం.

అందుకే మనవాళ్లు మంకీ క్యాప్ పెట్టుకొని, మఫ్లర్ చుట్టుకొని, పైన గొంగడి కప్పుకుంటారు. రెండేళ్ల కిందట మా మేనల్లుడూ అలాగే వెళ్లాడు. వెనక మట్టిని తిప్పే రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుంటే తీద్దామని పీటీవో, అంటే ఇంజన్ బలంతో రోటవేటర్‌ను తిప్పే షాఫ్ట్, ఆపకుండానే దిగాడు. షాఫ్ట్ మీద ఉండాల్సిన కవర్ ఎప్పుడో ఊడిపోయింది, నేను మళ్లీ వేయించలేదు. గొంగడి అంచు షాఫ్ట్‌కు తగిలింది. 540 స్పీడ్ అంటే నిమిషానికి 540 చుట్లు, సెకనుకు తొమ్మిది. భుజం మీద ముడి వేసుకోలేదు కాబట్టి గొంగడి పోయింది, పిల్లాడు దక్కాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు మొదట షాఫ్ట్‌కు కవర్ వేయించాను. తర్వాత ఆలోచించాను. గొంగడి మనిషికి కప్పితే మెడ తిరగదు, చెవి వినపడదు, అంచు ఎక్కడ చిక్కుకుంటుందో తెలియదు. గాలిని బండి దగ్గరే ఆపాలి, అంటే సీటు చుట్టూ తెరలు కట్టాలి.

లారీ తాటిపత్రులు కుట్టే దుకాణానికి వెళ్లండి. చుట్టూ తాటిపత్రి అంచు, మధ్యలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు, ఒక మిల్లీమీటరు మందంది పెట్టి కుట్టమనండి. ముందు ఒకటి, పక్కలకు చెరొకటి. వీటిని టాప్ పైపులకు క్లాంపులతో బిగిస్తే చాలు. షీటు బదులు గట్టిది కావాలంటే పాలికార్బనేట్ మంచిది. గాజులో సగం బరువు ఉంటుంది, దెబ్బకు పగలదు. కిటికీ అద్దం మాత్రం ఎవరు చెప్పినా పెట్టకండి. బండి కుదుపుకు అది పగిలితే కత్తుల్లా దిగుతుంది.

కంపెనీ నుంచే మందపాటి రక్షణ ఫ్రేము వచ్చిన బండి అయితే దానికి డ్రిల్లు పెట్టకండి, వెల్డింగ్ చేయించకండి. బండి బోల్తా పడితే బరువు మోయడానికి లెక్క కట్టి చేసిన ఫ్రేము అది. ఒక రంధ్రం, ఒక వెల్డింగ్ మంట దాని బలాన్ని తగ్గిస్తాయి. మామూలు టాపుకు ఆ బలం అసలే లేదు, తెరలు కట్టినంత మాత్రాన రాదు.

ఇప్పుడు వేడి సంగతి. దానికి డబ్బు పెట్టక్కర్లేదు, ఇంజనే ఇస్తుంది. ఫ్యాను రేడియేటర్ గుండా గాలిని లాగి వెనక్కి, అంటే డ్రైవర్ వైపు తోస్తుంది. బానెట్‌కు రెండు పక్కలా తాటిపత్రి కడితే ఆ వెచ్చని గాలి పక్కలకు చెదిరిపోకుండా నేరుగా కాళ్ల దగ్గరికి వస్తుంది. రేడియేటర్ ముందు భాగం ఎప్పుడూ తెరిచే ఉండాలి. సైలెన్సర్‌కు, దాని మొదట్లో ఉండే వేడి గొట్టానికి గుడ్డ తగలకూడదు.

కానీ ఆ గాలితో పాటు పొగ కూడా రాగలదు. సైలెన్సర్ జాయింట్ లీకైతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, అంతే తెలుస్తుంది. అందుకని జాయింట్లు చూపించాకే తెరలు కట్టండి. లోపల కుంపటి పెట్టడం, ఇంజన్ ఆన్‌లో ఉంచి తెరలు దించి కునుకు తీయడం వద్దే వద్దు. కింద, పైన నాలుగు వేళ్ల సందు వదలండి. ఆ సందుంటే ఊపిరి ఆవిరి షీటు మీద పట్టదు, దారి కనపడుతుంది. పని లైట్లు తెర బయటే ఉండాలి, లోపల ఉంటే వెలుగు షీటుకు తగిలి మన కళ్లలోనే పడుతుంది.

అన్నిటికన్నా నాకు భయమైనది ఒకటుంది. దమ్ములో వెనక చక్రాలు దిగబడితే, ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు ముందు భాగం లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. ఆలోచించే సమయం ఉండదు. అప్పుడు డ్రైవర్ చేతికి జిప్పో, తాడు ముడో అడ్డం పడకూడదు. పక్క తెరలకు వెల్క్రో మాత్రమే పెట్టించాను. భుజంతో ఒక్క తోపు తోస్తే ఊడిపోతుంది. బిగించిన రోజే మేనల్లుడి చేత పదిసార్లు తోయించి చూశాను. వెనక వైపు తెర వేయనే లేదు. రోటవేటర్ కనపడాలి, మనిషి దిగాలి.

జేసీబీ సంగతి కొంచెం వేరు. పాలమూరు మట్టి పనివాళ్లు దేశంలో ఎన్నో ఆనకట్టలకు చెమటోడ్చారు. ఇవాళ వాళ్ల పిల్లల్లో ఎందరో జేసీబీ సీటు మీద ఉన్నారు. పాత బండ్లకు తలుపులు ఊడి, అద్దాలు పోయి ఉంటాయి. ఆపరేటర్ సీటు తిప్పుకొని వెనక్కి తవ్వుతాడు కాబట్టి వెనక తెర పైకి చుట్టేలా ఉండాలి, తవ్వే చేయి, బూమ్, కదిలినప్పుడు తగలకూడదు. గుంటలో మనిషి దిగి ఉంటే చలి ఎంతున్నా ఒక పక్క తెర ఎత్తే ఉంచాలి. కింది నుంచి వేసే కేక వినపడాలి.

బండ్ల ఓనర్లకు ఒక మాట. ఆ వేళ సీటు మీద ఉండేది మనం కాదు, మన దగ్గర జీతానికి ఉన్న పిల్లవాడు. వాడు అడగడు. అడిగితే పని పోతుందేమోనని ఊరుకుంటాడు. మనమే తీసుకెళ్లి కుట్టించాలి.

షీటు మీద ఎండిన బురదను పొడి గుడ్డతో రుద్దకండి, గీతలు పడి రాత్రి ఏమీ కనపడదు. ముందు నీళ్లు పోసి నానబెట్టి, సబ్బు నీళ్లతో మెత్తగా కడగాలి. పెట్రోలు, థిన్నర్ తగలనివ్వకండి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, అప్పుడు విప్పేయండి. మడత పెడితే మడత దగ్గర పగులుతుంది. పాత బోరు పైపుకు చుట్టి, పైన గుడ్డ కప్పి, ఎలుకలు అందుకోని చోట దూలానికి వేలాడదీయండి.