ఎండోస్కోపీ నార్మల్, మంట మాత్రం అలాగే ఉంది

మా బాబాయికి మూడేళ్లుగా ఛాతీలో మంట. ఎండోస్కోపీ చేయించాం, నార్మల్ అన్నారు, ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి అని పంపేశారు. ఆయనేమో రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటూ, రాత్రి మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోయేవారు. ఏమీ లేని మనిషి అలా పడుకుంటాడా చెప్పండి?

ఎండోస్కోపీలో కనపడేది అన్నవాహికలో పుండ్లు, అది సన్నబడటం, లోపలి పొర మారడం. యాసిడ్ ఎంత పైకి వస్తోందో అది కొలవదు. రిఫ్లక్స్, అంటే కడుపులోని యాసిడ్ అన్నవాహికలోకి ఎగదన్నడం, ఉన్నా లోపల గాయం కనపడనివాళ్లు చాలామంది ఉంటారు, పైగా బిళ్ల వాడుతూనే చేయించుకుంటే ఉన్న పుండు కూడా మానిపోయి ఉండొచ్చు.

కొలిచేది 24 గంటల పీహెచ్ టెస్ట్. బాబాయికి డాక్టర్ చెప్పి వారం ముందే బిళ్ల ఆపించారు (దయచేసి మీ అంతట మీరు ఆపకండి). ముందు మానోమెట్రీ, అంటే గుక్కగుక్కగా నీళ్లు మింగిస్తూ అన్నవాహిక కండరాలు ఎలా పనిచేస్తున్నాయో చూడటం. తర్వాత ముక్కులోంచి సన్నటి గొట్టం దించి, బుగ్గ మీద ప్లాస్టర్ వేసి, నడుముకి చిన్న బాక్స్ కట్టి ఇంటికి పంపేశారు. మంట వస్తే బటన్ నొక్కాలి, తిన్నదీ పడుకున్నదీ రాయాలి. ఆ రోజు పిన్ని పెరుగన్నం పెడతానంటే నేనే వద్దన్నాను, రోజూ తినే గోంగూర పచ్చడి తింటేనే కదా అసలు సంగతి తెలిసేది!

పీహెచ్ ఎంత తగ్గితే యాసిడ్ అంత ఎక్కువ. మొత్తం సమయంలో పీహెచ్ 4 కంటే తక్కువగా ఉన్నది 6 శాతం దాటితే, అంటే రోజులో దాదాపు గంటన్నర, రిఫ్లక్స్ ఉన్నట్టే. 4 శాతం లోపైతే నార్మల్, మధ్యలో ఉంటే మిగతా ఆధారాలు కూడా చూస్తారు. బాబాయికి వచ్చింది 2 శాతం, బటన్ నొక్కిన టైముకి యాసిడ్ పైకి రానే లేదు. మంట నిజమే, కారణం యాసిడ్ కాదు, అన్నవాహిక నరాలు అతిగా స్పందించడం. దానికి మందే వేరు! మూడేళ్లు ఆ బిళ్ల ఎందుకు మింగించామా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, ఛాతీ నొప్పితో చెమటలు పట్టినా, ఎడమ చేయి లాగినా ముందు ఈసీజీ, గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ముద్ద దిగకపోయినా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ముక్కులో గొట్టం అంటే భయమైతే, అన్నవాహికకి అంటించే చిన్న క్యాప్సూల్ ఉంది, 96 గంటల వరకు కొలుస్తుంది, తర్వాత దానంతట అదే ఊడి మలంలో పోతుంది. అది చేస్తారేమో మీ డాక్టర్‌ని అడగండి.