ఆయాసం ఒకటే, జబ్బులు రెండు

అందరికీ నమస్కారం. చిత్తూరులో ఆయాసం గురించి మాట్లాడమంటే నాకు ముందు గుర్తొచ్చేది బెల్లం గానుగలు. చెరకు పిప్పి ఎగదోస్తూ పొయ్యి దగ్గర రోజంతా నిలబడేవాళ్లు, ఇంట్లో ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండిన అమ్మలు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మీలో ఎవరికైనా ఆయాసం వచ్చిందంటే చుట్టుపక్కలవాళ్లు వెంటనే "ఆస్తమా అంట" అనేస్తారు. కావచ్చు. కానీ అది సీఓపీడీ, అంటే ఏళ్ల తరబడి పీల్చిన పొగ వల్ల ఊపిరితిత్తులు మెల్లగా పాడయ్యే జబ్బు కూడా కావచ్చు. మందులు మారిపోతాయి కాబట్టి ఏది అన్నది తేల్చుకోవాలి.

పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఊపిరితిత్తుల్లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు ఇరుకవుతాయి. దగ్గు, ఆయాసం, రొమ్ములో పిల్లికూతలు రెండింటిలోనూ ఉంటాయి.

ఆస్తమాలో ఆ గొట్టాల లోపలి పొర వాచి, దుమ్ముకో, జలుబుకో, చలిగాలికో, అగరొత్తి పొగకో ఇట్టే ముడుచుకుపోతుంది. చాలామందికి చిన్నప్పుడే మొదలవుతుంది, పెద్దయ్యాక వచ్చేవాళ్లూ ఉన్నారు. తుమ్ములు, ముక్కు కారడం, చర్మం దురద తోడుగా ఉండొచ్చు. ఇది వస్తూ పోతూ ఉంటుంది. తెల్లవారుజామున దగ్గుతో లేచి కూర్చున్న పిల్లవాడే పొద్దున్నే బడికి పరిగెత్తుతాడు. మందు సరిగ్గా వాడితే చాలామందిలో ఊపిరి మామూలు స్థాయికి వస్తుంది.

సీఓపీడీ సాధారణంగా 40 ఏళ్లు దాటాక, మెల్లగా మొదలవుతుంది. ఒకప్పుడు అలిపిరి మెట్లు గాలిగోపురం దాకా ఆగకుండా ఎక్కిన మనిషి, తర్వాత నాలుగుచోట్ల కూర్చుంటాడు, ఇంకొన్నేళ్లకు ఇంటి మెట్లకే ఆగిపోతాడు. వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాడు. ఏళ్లకేళ్లు పొగ పీల్చడం వల్ల గొట్టాల గోడలు మందమవుతాయి, చివరనున్న గాలిగదులు పాత ఎలాస్టిక్‌లాగా సాగిపోయి తిరిగి ముడుచుకోలేవు. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. పాడైన భాగం మళ్లీ బాగుపడదు. పొగ మానేస్తే మాత్రం ఇంకా పాడవడం నెమ్మదిస్తుంది, అందుకే ఏ వయసులో మానేసినా లాభమే.

ఇక్కడ ఆడవాళ్లతో ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో సీఓపీడీ వల్ల సుమారు 35 లక్షల మంది చనిపోయారు. ధనిక దేశాల్లో 70 శాతానికి పైగా కేసులకు పొగతాగడమే కారణం. మనలాంటి దేశాల్లో ఆ వాటా 30 నుంచి 40 శాతమే, ఇంట్లో వంటపొగ కూడా పెద్ద కారణం. బీడీ ముట్టని ఆడమనిషికి ఈ జబ్బేమిటని ఇంట్లోవాళ్లే కాదు, ఒక్కోసారి డాక్టర్లూ అనుకుంటారు. అందుకని అడిగినా అడక్కపోయినా మీరే చెప్పండమ్మా: ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారో, గానుగ దగ్గర ఎన్నేళ్లు పనిచేశారో, గతంలో టీబీ వచ్చిందో లేదో. గ్యాస్ వచ్చినా నీళ్లు కాచడానికి ఇంకా కట్టెలే వాడుతుంటే అదీ చెప్పండి.

తర్వాత ఊదే పరీక్ష అడగండి. స్పైరోమెట్రీ అంటారు. ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చే విషయం కాదిది. గుండెల నిండా గాలి తీసుకుని గొట్టంలోకి గట్టిగా ఊదాలి. మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకన్లో ఎంత వచ్చిందో మిషన్ కొలుస్తుంది. గొట్టాలు తెరిచే మందును ఇన్‌హేలర్‌తో పీల్పించి, అంటే పఫ్ ఇచ్చి, మళ్లీ ఊదిస్తారు. అప్పుడు కూడా ఆ మొదటి సెకను వాటా 70 శాతం కంటే తక్కువ ఉంటే సీఓపీడీ వైపు చూస్తాం. పఫ్ తర్వాత మొదటి సెకను గాలి 12 శాతానికి పైగా, 200 మిల్లీలీటర్లకు పైగా పెరిగితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు, కాబట్టి ఒక్క అంకె చూసి తీర్పు చెప్పం.

మందుల్లో తేడా ఇదీ. ఆస్తమాకు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలరే ఆధారం. ఆయాసం వచ్చినప్పుడల్లా, గొట్టాలను అప్పటికప్పుడు తెరిచే నీలం పఫ్ మాత్రమే కొట్టుకుని నెట్టుకురావడం ప్రమాదకరం, లోపలి వాపు అలాగే ఉండిపోతుంది. సీఓపీడీకి ఎక్కువసేపు గొట్టాలు తెరిచి ఉంచే మందులు ముఖ్యం. స్టెరాయిడ్ కొందరికే అవసరం, ఎందుకంటే వీళ్లలో అది న్యుమోనియా ముప్పు పెంచుతుంది. కాబట్టి పక్కింటాయన పఫ్ మీరు తీసుకోకండి.

పఫ్ అలవాటైపోతుందనే భయంతో మాత్రలు అడిగేవాళ్లు చాలామంది. నీలం పఫ్‌లో ఉండే మందు సాల్బుటమాల్. దాని మాత్ర 4 మిల్లీగ్రాములు ఉంటుంది, ఒక్క పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర 40 పఫ్‌లతో సమానం. గుండెదడ, చేతులు వణకడం దేనితో ఎక్కువో మీరే చెప్పండి.

ఒక మాట పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

ఇన్‌హేలర్ తెచ్చుకున్నవాళ్లు ఇటు టేబుల్ దగ్గరికి రండి. మీరు ఎలా పీలుస్తున్నారో ఒక్కొక్కరిదీ చూస్తాను. స్టెరాయిడ్ పఫ్ వాడేవాళ్లు తర్వాత నోరు పుక్కిలించాలి, నీళ్లు అక్కడే పెట్టించాం.