డ్రిల్ బిట్టుకి ఇంట్లోనే సాన పట్టడం

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది 10 ఎం.ఎం. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) బిట్టు, మొద్దుబారింది. మొద్దుబారిందో లేదో తెలియాలంటే మొనను కాదు, కోత అంచు బయటి మూలను చూడాలి. బెజ్జం పడేటప్పుడు బిట్టు నడిమధ్య దాదాపు కదలదు. బయటి మూల అన్నిటికన్నా వేగంగా తిరుగుతుంది కాబట్టి ముందు అరిగేది అదే. వెలుతురుకు పట్టి చూడండి. పదునున్న అంచు నుంచి మెరుపు రాదు, మొద్దు అంచు తెల్లటి గీతలా మెరుస్తుంది. ఈ బిట్టుకి ఆ మెరుపు మూల దగ్గర వెడల్పుగా ఉంది, పక్కనే నీలం రంగు తేలింది. అంటే వేగం ఎక్కువై కాలింది.

ఇంకో చోటు కూడా చూడాలి. బిట్టు చుట్టూ మెలికలు తిరిగే గాడి పక్కనే పైదాకా సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని మార్జిన్ అంటాం. మూల అరిగినప్పుడు దానితోపాటు మార్జిన్ కూడా కొంత దూరం అరుగుతుంది. చాలామంది మొన మీద నాలుగు నిప్పురవ్వలు రాల్చి, పదునైందనుకుని ఆపేస్తారు. అలాంటి బిట్టు కాసేపు కోస్తుంది, లోతుకు వెళ్లాక బిగుసుకుపోతుంది. అరిగిన మార్జిన్ పూర్తిగా పోయేదాకా, ఒక్కోసారి 2 ఎం.ఎం. పొడవైనా సరే, అరగదీయాల్సిందే. బిట్టు తరిగిపోతోందని బాధపడొద్దు.

ఇప్పుడు ఆకారం సంగతి. సాదా బిట్టు మొన 118 డిగ్రీలు, అంటే ఒక్కో అంచు నడి గీతకు 59 డిగ్రీల్లో ఉంటుంది. స్టెయిన్‌లెస్ కోసం వచ్చే కోబాల్ట్ బిట్లు ఎక్కువగా 135లో ఉంటాయి. ఈ కోణం ఒకటి రెండు డిగ్రీలు తప్పినా కొంపేమీ మునగదు. తప్పకూడనివి రెండున్నాయి. రెండు అంచులూ ఒకే పొడవు, ఒకే కోణంలో ఉండాలి. అంచు వెనుక లోహం కిందికి తగ్గి ఉండాలి, దీన్నే క్లియరెన్స్ అంటారు, 8 నుంచి 12 డిగ్రీలు. క్లియరెన్స్ లేకపోతే అంచు ఎంత పదునుగా ఉన్నా వెనుక భాగం ప్లేటు మీద రుద్దుకుంటుంది. కీచుమంటుంది, పొగ వస్తుంది, బెజ్జం మాత్రం దిగదు. ఇంట్లో సాన పట్టిన బిట్టు కోయడం లేదని ఎవరైనా అంటే నేను మొదట అనుమానించేది దీన్నే. క్లియరెన్స్ మరీ ఎక్కువైతే అంచు కింద ఆసరా పోయి, లోహంలోకి గుచ్చుకుని చిట్లుతుంది.

గ్రైండర్ 6 అంగుళాలది, అర హెచ్.పి. మోటారుది సరిపోతుంది. నిమిషానికి దాదాపు 2,800 చుట్లు తిరుగుతుంది. చక్రం అల్యూమినియం ఆక్సైడ్‌ది, 60 గ్రిట్ (గరుకుదనం అంకె) వేసుకోండి. కొత్త చక్రం బిగించేముందు వేలికి వేలాడదీసి స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే పగులుంది, పారేయండి. బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. చక్రం ముఖం గాళ్లు పడి ఉంటే డ్రెస్సర్‌తో (చక్రం ముఖం చెక్కే పనిముట్టు) చదును చేయకుండా బిట్టు తాకించొద్దు, వంకర ముఖం మీద సమానమైన అంచులు రావు. టూల్ రెస్టుకీ (చక్రం ముందు పనిని ఆనించే పలక) చక్రానికీ మధ్య సందు 3 ఎం.ఎం. మించకూడదు. కళ్లజోడు తప్పనిసరి. చేతికి గ్లౌజులు మాత్రం వద్దు, తిరిగే చక్రం గుడ్డను లాగిందంటే వేలిని కూడా లాగుతుంది. చున్నీ, వదులు చొక్కా చేతులు ముందే సర్దుకోండి.

టూల్ రెస్టు మీద గుర్తుకోసం ఒక గీత గీయండి. పిల్లల జామెట్రీ బాక్సులో 60 డిగ్రీల మూలమట్టం ఉంటుంది కదా, అది చాలు. చక్రం ముఖానికి 60 డిగ్రీల్లో, బిట్టు తోక (డ్రిల్‌లో బిగించే కొస) మీ ఎడమకు వచ్చేలా మార్కర్‌తో గీత. ఆటోనగర్‌లో చేయి తిరిగిన టర్నర్‌కి ఈ గీత అక్కర్లేదు, మనకు కావాలి.

కుడి చేతి చూపుడువేలు, బొటనవేలు మధ్య బిట్టును మొనకు దగ్గరగా పట్టుకోండి. ఆ వేలు రెస్టు మీద ఆని ఉండాలి. కదలకూడనిది అదే. ఎడమ చేత్తో తోక పట్టుకోండి. బిట్టును గీత వెంట పెట్టి, ఎడమవైపు అంచు చక్రానికి ఎదురుగా, సరిగ్గా అడ్డంగా, గాడి పైకి కనపడేలా తిప్పండి. మోటారు ఆఫ్‌లో ఉండగానే అంచును చక్రానికి ఆనించి చూడండి, పొడవునా ఆనాలి. ఇప్పుడు స్విచ్ వేసి అంచును మెల్లగా తాకించి, వెంటనే తోకను కిందికి దించండి. ఎంత దించాలి? వేలి ఆనిక నుంచి 80 ఎం.ఎం. వెనుక పట్టుకుంటే దాదాపు 15 ఎం.ఎం. దిగితే చాలు. రాపిడి అంచు దగ్గర మొదలై వెనుకకు జారుతుంది, క్లియరెన్స్ అలా వస్తుంది. దించేటప్పుడు తోక వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో రవ్వంత తిప్పుతారు. మొదట నేర్చుకునేవాళ్లు ఆ తిప్పుడు మానేయండి. ఎక్కువ తిప్పితే అవతలి అంచు చక్రానికి తగిలి, చేసిన పనంతా పోతుంది. తోకను మొదటి మట్టం కన్నా పైకి ఎప్పుడూ లేపొద్దు, లేపితే అంచే గుండ్రమవుతుంది.

ఒక వైపు రెండు సార్లు, తిప్పి రెండో వైపు రెండు సార్లు, అదే ఒత్తిడితో. ఒక్క వైపే పట్టుకుని కూర్చోకండి. సాన పట్టే ముఖాలకు ముందే మార్కర్ పూసుకుంటే రంగు ఎక్కడ పోయిందో, చక్రం ఎక్కడ తాకుతోందో తెలుస్తుంది. వెనుక వైపే రంగు పోయి అంచు దగ్గర మిగిలిందంటే చక్రం ఇంకా అంచును చేరలేదు.

వేడి గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. హెచ్.ఎస్.ఎస్. దాదాపు 550 డిగ్రీల దాకా గట్టిదనం పోగొట్టుకోదు, కాస్త నీలం తేలినంతమాత్రాన చెడిపోదు. పాత కార్బన్ స్టీల్ బిట్టు అయితే నీలం తేలగానే ఆ భాగం మెత్తబడినట్టే. హెచ్.ఎస్.ఎస్.కి అసలు ప్రమాదం, ఎర్రగా కాలిన మొనను నీళ్లలో ముంచడం. కంటికి కనపడని పగుళ్లు పడి, అంచు ముక్కలుగా రాలుతుంది. రెండు మూడు సెకన్లు తాకించి తీయడం, వేలికి వేడి తెలియగానే ఆగడం అలవాటు చేసుకుంటే నీళ్లతో పనే ఉండదు.

సరిచూడటానికి గేజీ కొనక్కర్లేదు. రెండు ఎం12 (12 ఎం.ఎం. బోల్టువి) ఆరు పలకల నట్లను పక్కపక్కన చదును ముఖాలు ఆనించి పెడితే మధ్యలో 120 డిగ్రీల వి ఆకారం వస్తుంది. మొనను అందులో పెట్టి వెలుతురుకు చూడండి, రెండు వైపులా సందు ఒకేలా ఉండాలి. తర్వాత మొనను సూటిగా పైనుంచి చూడండి. రెండు అంచుల మధ్య చిన్న అడ్డగీత ఉంటుంది, అది చిజెల్ అంచు. కోత అంచుతో అది 120 నుంచి 135 డిగ్రీల్లో వాలి ఉంటే క్లియరెన్స్ బాగుంది. దాదాపు లంబంగా నిలబడితే క్లియరెన్స్ లేదు. మరీ వాలిపోతే ఎక్కువైంది. ఈ ఒక్క గీత చూడటం అలవాటైతే చాలు, సగం తప్పులు బెజ్జం వేయకముందే దొరుకుతాయి.

చివరి పరీక్ష ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ప్లేటు మీద. రెండు గాళ్ల నుంచీ ఇనుప పొట్టు జంతికల్లా చుట్టలు తిరుగుతూ సమానంగా రావాలి. ఒక్క గాడి నుంచే వస్తే ఒక్క అంచే కోస్తోంది, కోణాలు తేడా. పొట్టు రెండు వైపులా వచ్చినా 10 బిట్టుకి 10.4 బెజ్జం పడితే అంచుల పొడవు తేడా, పొట్టి అంచు వైపు కాస్త తీయండి.

బిట్టు లోపలి వెన్ను తోకవైపు పోయేకొద్దీ మందమవుతుంది. చాలాసార్లు సాన పట్టి పొట్టిదైన బిట్టుకి చిజెల్ అంచు పొడవవుతుంది. అది కోయదు, లోహాన్ని పక్కకు నెడుతుందంతే. అందుకే ఎంత బలంగా నొక్కినా దిగదు. చక్రం మూలతో గాడి లోపలివైపు నుంచి రెండు పక్కలా సమానంగా తీసి, ఆ గీతను బిట్టు వ్యాసంలో పదో వంతుకు తేవాలి. ఇది చేతకాకపోతే ముందు 3 ఎం.ఎం. బెజ్జం వేసుకుని దాంట్లోకి పెద్ద బిట్టు దించండి.

పదును నిలవాలంటే వేగం తగ్గించాలి. ఎంఎస్‌కి 8,000ను బిట్టు సైజుతో భాగించండి. 10 ఎం.ఎం.కి 800 చుట్లు, 6కి దాదాపు 1,300. స్టెయిన్‌లెస్‌కి అందులో సగం కన్నా తక్కువ, ఆయిల్‌తో, ఆపకుండా నొక్కుతూ వేయాలి. నొక్కకుండా తిప్పితే ఆ చోటే గట్టిపడిపోతుంది. చేతి డ్రిల్ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే 2,500 దాటేవి చాలా ఉన్నాయి, బిట్లు నీలమయ్యేది అక్కడే.

ఇత్తడికి ఇదే పదును పనికిరాదు, బిట్టు లోపలికి లాగేసుకుంటుంది. అంచు ముందు భాగాన్ని, గాడి వైపు, నూనెరాయితో సన్నగా చదును చేస్తే ఆ లాగుడు ఆగుతుంది. గోడ బిట్టు మొనలో ఉండేది కార్బైడ్ ముక్క, ఈ చక్రం దాన్ని కోయలేదు. దానికి ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ చక్రం గానీ డైమండ్ చక్రం గానీ కావాలి. 3 ఎం.ఎం. లోపు బిట్లకు మాత్రం ఈ శ్రమంతా దండగ, కొత్తది కొనుక్కోండి. నేర్చుకోవడానికి 10 లేదా 12 తీసుకోండి, తప్పు కంటికి కనపడే సైజు అది.