పై అంతస్తు వేడికి తెల్ల పూత: కూల్ రూఫ్ కోటింగ్ రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో చూపుతున్న కూల్ రూఫ్ కోటింగ్, అంటే ఎండను వెనక్కి పంపేలా పైకప్పు మీద వేసే తెల్ల పూత, డబ్బాలను ఒక కంపెనీ మాకు ఉచితంగా పంపింది. డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. ఆరే సమయం, లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుంది వంటి వివరాలను మీరు ఇప్పటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోను. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో, పై అంతస్తులో ఉంటూ, దీన్ని ఒక వేసవంతా వాడిన అనుభవంతోనే మాట్లాడతాను.

మన ఊళ్లో రోహిణీ కార్తెలో పగటి ఎండ కంటే రాత్రి పది గంటలప్పుడు ఇంట్లో ఉండే వేడే ఎక్కువ బాధపెడుతుంది. పొద్దుటి నుంచి ఎండను తాగిన ఆర్‌సీసీ శ్లాబు, చీకటి పడ్డాక దాన్ని నెమ్మదిగా కిందికి వదులుతుంది. మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి వచ్చి వీధి చల్లబడినా, లోపల తిరిగే ఫ్యాను సీలింగు కింద పేరుకున్న వేడినే మన మీదికి తోస్తుంది. స్టూలెక్కి సీలింగుకు అరచెయ్యి ఆనిస్తే ఆ వేళప్పుడు కూడా చురుక్కుమనేది. పూత వేశాక అదే చోట, అదే వేళకు గోరువెచ్చదనమే మిగిలింది. ఏసీ అవసరం తీరిపోయిందని అనను గానీ, తెల్లవార్లూ ఆడే ఏసీ ఇప్పుడు అర్ధరాత్రికే ఆగుతోంది.

మా ఫ్లాట్ పైభాగానికి మాత్రమే పూత వేశాం, కారిడార్ అవతలి ఫ్లాట్ మీద వేయలేదు. అందువల్ల పోల్చి చూడటం తేలికైంది. మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పుల్లేకుండా తెల్లని భాగం మీద నిలబడి మాట్లాడగలం, రెండడుగులు పక్కకు వేస్తే గెంతక తప్పదు.

ఇంతకు ముందు రెండు పద్ధతులు చూశాం. కారకుండా ఉండాలని వేయించిన ఇటుక రంగు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ నీటిని ఆపింది కానీ, ముదురు రంగు కావడంతో వేడిని తగ్గించలేదు. పైగా రెండేళ్లలో ట్యాంకు చుట్టూ పొలుసులుగా లేచిపోయింది. జిగురు కలిపి కొట్టిన సున్నం చాలా చవక, వేసవిలో బాగానే పనిచేసింది, కానీ నవంబరు వానలకు గొట్టాల వెంట కొట్టుకుపోయింది. ఈ పూత ఆ వానలను తట్టుకుంది.

ఇక నా అసలు చిరాకు మురికి గురించి. తెల్లగా ఉన్నంత వరకే ఈ పూత ఎండను వెనక్కి పంపుతుంది, ఆ మాటను కంపెనీవారు కరపత్రంలో చీమ తలకాయంత అక్షరాలతో వేశారు. హైవే దుమ్ము, కాకి రెట్టలు, ట్యాంకు పొంగిన చోట పచ్చటి పాచి, అన్ని అంతస్తులవారూ ఎండబెట్టుకునే ఊరమిరపకాయల మరకలు కలిసి ఏప్రిల్ నాటికే దాన్ని బూడిద రంగులోకి దించాయి. మెత్తటి చీపురుతో కడిగితే మళ్లీ తెలుపు తేలుతుంది గానీ, కడగవలసింది ఎవరు, ఎవరి నీళ్లతో అన్న ప్రశ్న వాచ్‌మన్ దగ్గర మొదలై సెక్రటరీ దాకా వెళ్లింది.

ఖర్చు విషయంలోనూ చిక్కు అక్కడే ఉంది. వెయ్యి చదరపు అడుగులకు సరుకు, కూలీ కలిపి ముప్పై వేల రూపాయల వరకు అవుతుందని మేస్త్రీ చెప్పాడు. సొంత ఫ్లాట్ ఉన్నవారికి అది మోయలేని భారం కాకపోవచ్చు. కానీ 1987 నాటి మన అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం పైకప్పు ఉమ్మడి ఆస్తి. మొదటి అంతస్తువారు మాకేమి లాభమని అడుగుతారు. ఎదుటి ఫ్లాట్ యజమాని హైదరాబాద్‌లో ఉంటారు, కరెంటు బిల్లు ఆయన కట్టరు కనుక ఆయనకు తొందర లేదు. బిల్లు కట్టే అద్దెవారికి మీటింగులో మాటే లేదు. పర్యావరణ హితమైన మరమ్మతులు డబ్బున్నవారి వ్యవహారమని అంటుంటారు గానీ, మా భవనంలో అది ముందుగా సంతకం పెట్టే హక్కున్నవారి వ్యవహారం.

ఇళ్ల పైకప్పు సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలోనూ ఇంతే. సొంత డాబా ఉన్న ఇంటికి 3 కిలోవాట్ల సోలార్‌కు రూ.78,000 సబ్సిడీ వస్తుంది, అపార్ట్‌మెంట్ సంఘానికైతే ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు రూ.18,000. దానితో లిఫ్టు, మోటారు నడుస్తాయి, పడకగది చల్లబడదు.

అద్దెకున్నవారికి నేను చెప్పగలిగింది బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు తినే మోటారున్న ఫ్యాను, ఒక్కటే. పాత ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 15 గంటలు వేస్తే ఒక్కో ఫ్యానుకు నెలకు దాదాపు 20 యూనిట్లు మిగులుతాయి, ఇల్లు మారినప్పుడు విప్పి తీసుకెళ్లవచ్చు.

పూతకు నేను ఐదుకు నాలుగు ఇస్తాను, కరపత్రంలోని ఆ చిన్న అక్షరాలకు ఒకటి కోశాను. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి కనుక, శ్లాబు బాగా ఆరాక, జనవరి చివర లేదా ఫిబ్రవరిలో వేయించండి, మీటింగులో విషయం మాత్రం దీపావళికే ఎత్తండి. డబ్బాలు మళ్లీ రాకపోయినా రెండో విడత పూతను మేము డబ్బు పెట్టి కొంటాం. ఎదుటి ఫ్లాట్ యజమానికి అంగీకార పత్రం వాట్సాప్‌లో పంపాను, ఇంకా జవాబు రాలేదు.