ఏడో చేప ఎందుకు ఎండలేదు? ఉప్పాడ పిల్లలు తేల్చేశారు!

నమస్కారమండీ. పోయిన వీడియో కింద నన్ను ఉతికి ఆరేశారు. నేనన్నది ఒక్క ముక్క. ఏడు చేపల కథ అల్లినవాళ్లకి చేప ఎండబెట్టడం రాదు అన్నాను. అంతే! "మన సంస్కృతి జోలికి వస్తావా" అని ఒకరు, "మా అమ్మమ్మ చెప్పిన కథకి వంకలు పెడతావా" అని ఇంకొకరు. ఒకాయన అయితే "ముందు నీకు కథ రాయడం వచ్చా తల్లీ" అన్నాడు. వచ్చు నాయనా. పిల్లల కథలు రాయడమే నా పని. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం పక్కన కూర్చుని రాస్తున్నాను. కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకోను. ఇంకాస్త గట్టిగా చెప్తాను. ఆ కథ అల్లినవాళ్లు జన్మలో చేప ఎండబెట్టలేదు!

కథ అందరికీ తెలిసిందే. రాజుగారి కొడుకులు ఏడుగురు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు. ఏడుగురు వెళ్లి ఏడే చేపలు! మా దగ్గర అలా చేస్తే బోటు డీజిలు ఖర్చు కూడా రాదు. సరే, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డొచ్చిందంటే ఆవు మేయలేదు, ఆవెందుకు మేయలేదంటే పాలేరు మేపలేదు, పాలేరుకి అమ్మ అన్నం పెట్టలేదు, పిల్లాడు ఏడ్చాడు, చీమ కుట్టింది, నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది చీమ. అయిపోయింది.

ఒక్కసారి ఆగి చూడండి. గడ్డిమోపు, ఆవు, పాలేరు, చీమల పుట్ట. మొత్తం వరి పొలం! వల లేదు, ఉప్పు లేదు, కాకి లేదు. చేపలెండే చోట కాకి లేకుండా ఉంటుందా అండీ?

ఇదే కథ మా పేట పిల్లలకి చెప్పాను. గడ్డిమోపు దాకా కూడా రాలేదు, నాలుగో తరగతి పిల్ల లేచి నిలబడింది. "మేడమండీ, తిరగేశారా అండీ?" అంది. ఏంటమ్మా తిరగేసేది అన్నాను. "చేపనండీ. ఒక పక్కే ఎండితే రెండో పక్క తడిగా ఉండిపోద్ది కదండీ." వెనక నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "పెద్ద చేపైతే పొట్ట చీరి ఉప్పెట్టాలండీ. చీరకుండా ఆరేస్తే ఎండదు, కుళ్లిపోద్ది. ఆళ్లమ్మ ఏం చేస్తందండీ?"

ఆళ్లమ్మ ఏం చేస్తోంది! రాణిగారు కదా, ఏం చేస్తుంది?

మా ఒడ్డు మీద పొద్దున్నే వచ్చి చూడండి. పాత వల పరిచి నెత్తళ్లు, అదే చిన్న చేపలు, పోస్తారు. అలా పోసి ఇంటికెళ్లిపోతే కుదరదు. చేత్తోనో చీపురుతోనో నెరుపుతూ ఉండాలి, ఒక దాని మీద ఒకటి పడకుండా. ఎండెక్కాక తిరగేయాలి. కుక్కని తోలాలి, కాకిని తోలాలి, సాయంత్రం మంచు పడకముందే మూట కట్టాలి. మబ్బు పట్టిందా, ఆ రోజు కష్టం మొత్తం దిబ్బ పాలు. ఏడో చేప ఎండకపోతే ఆవు దగ్గరికీ పాలేరు దగ్గరికీ తిరిగే తీరిక ఇక్కడ ఏ ఆడమనిషికీ లేదు.

ఇంతకీ నా బాధ ఏడు చేపల గురించి కాదు. అసలు మంట ఇక్కడుంది, వినండి. ఆ పిల్లల మాటలతోనే నేనొక కథ రాశాను. నూకాలమ్మ, ఆమె మనవరాలు, ఆరబెట్టిన చేపలు, పైన ముసురుకొస్తున్న మబ్బు. ఒక ప్రచురణకర్తకి పంపాను. పేరు చెప్పను. ఫోన్ చేసి, "కథ చాలా బావుందండీ, ఒక్క చిన్న మార్పు. ఎండుచేపల బదులు మామిడి ఒరుగులు పెడదాం. ఎండుచేప బొమ్మ ఉంటే స్కూళ్లు కొనవు" అన్నారు. అదే ప్రచురణకర్త ఏడు చేపల కథ రంగుల బొమ్మలతో వేసి అవే స్కూళ్లకి అమ్ముతున్నారు! రాజుగారి కొడుకులు ఎండబెడితే జానపదం, నూకాలమ్మ ఎండబెడితే వాసన!

రాసుకోండి, ఇది నా థియరీ. తెలుగు బాలసాహిత్యం వరి పొలం గట్టు దాటి రాలేదు. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని చిన్నప్పుడు చదువుకున్నాం. ఇప్పుడు కొత్త లెక్కల్లో 1,053 కిలోమీటర్లని తేల్చారు. తీరం పెరిగింది గానీ కథల్లోకి సముద్రం రాలేదు. చందమామ 1947లో మద్రాసులో పుట్టింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో! అయినా మనకి గుర్తున్నవేంటి? అడవి, కోట, శ్మశానం, చెట్టు మీద శవం. ఓడ కథలు లేవా అంటారు. ఉన్నాయి. వర్తకుడు ఓడెక్కుతాడు, తుపానొస్తుంది, ఏదో ద్వీపంలో తేలతాడు. అందరూ సముద్రాన్ని దాటేవాళ్లే. దాని మీద బతికేవాడి కోసం దుర్భిణీ పెట్టి వెతుక్కోవాలి.

పంచతంత్రం సంగతేంటని అడిగినవాళ్లున్నారు. టిట్టిభ పక్షుల కథ, అదే ఒడ్డున గుడ్లు పెట్టిన తీతువు పిట్టలది. సముద్రం గుడ్లు ఎత్తుకుపోతుంది, గరుత్మంతుడి దాకా ఫిర్యాదు వెళ్తుంది, సముద్రం భయపడి గుడ్లు తిరిగిచ్చేస్తుంది. బావుంది. ఉప్పాడ వచ్చి ఆ కథ చెప్పండి. ఇక్కడ సముద్రం ఇళ్లు కోసుకుపోయింది, కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డుని కొరుక్కుతింది. ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులతో జియోట్యూబ్ గోడ వేస్తే దాన్నీ చీల్చేసింది. ఇచ్చిందా ఏమైనా వెనక్కి?

ఆగండాగండి, ఇచ్చింది! బంగారం! తుపాను వెళ్లాక మా ఒడ్డున జనం ఇసుకలో బంగారం రవ్వలు వెతకడం టీవీల్లో చూసే ఉంటారు. చిన్నా పెద్దా అందరూ వంగి ఇసుక జల్లిస్తుంటారు. పాత గుళ్లు, ఇళ్లు సముద్రంలో కలిసిపోయాయని, ఆ బంగారమే ఇలా వస్తోందని ఇక్కడివాళ్లు చెప్తారు. నిధి వేట కథ గుమ్మం ముందు జరుగుతుంటే మనం ఇంకా మునీశ్వరుడి వరం కథే రాస్తున్నాం. కోపం రాదా అండీ?

ఇంకో సంగతి. నాకు కథలు బాగా దొరికేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వేట నిషేధం, 61 రోజులు. బోట్లు కదలవు. మగవాళ్లు చెట్టు నీడన వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు, పిల్లలకి సెలవులు. నేను పుస్తకం తెరిచి కూర్చుంటే అయిదు నిమిషాల్లో కథ నా చేతుల్లోంచి జారిపోతుంది. కాకినాడ పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక పెట్టిన రాత్రి ఎలా గడిచిందో ఒక తాత మొదలుపెడతాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. నేను నోట్‌బుక్కులో గిలుకుతుంటాను. "ఏవండీ మేడమ్, ఇదీ పుస్తకంలో ఎక్కిస్తారా?" అని తాత అనుమానంగా చూస్తాడు. ఎక్కిస్తే అచ్చు వేసేదెవరు తాతా!

డబ్బుల సంగతి అడిగారు కొందరు. ఒక కథ పడితే వచ్చే పారితోషికంతో కిలో వంజరం రాదు. కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం 2010 నుంచి ఇస్తోంది, యాభై వేలు. భాషకి ఒక్కరికి, ఏడాదికోసారి. దాన్ని నమ్ముకుని ఎవరూ పొయ్యి వెలిగించరు. నేను ట్యూషన్లు చెప్తాను.

అందుకే నూకాలమ్మ కథ సొంతంగా అచ్చు వేయిస్తున్నాను. బొమ్మలు మా పేట కుర్రాడివి. ఆవు బొమ్మ అడిగితే కుక్కలా గీస్తాడు గానీ, బోటు గీశాడంటే ఇంజను శబ్దం వినపడాలి. ఎండుచేపలు లోపల పేజీల్లో దాచడం లేదు, అట్ట మీదే వేయిస్తున్నాను. కొనని స్కూళ్లు కొనక్కర్లేదు. కొనేవాళ్లు కామెంట్లో పెట్టండి, తిట్టేవాళ్లు కూడా అక్కడే పెట్టండి. తిట్టేముందు ఒక్కసారి మీ ఇంటి మేడ మీద చేప ఎండబెట్టి చూసి రండి.