బెంచి దిగిన తరువాత: వలసదారుల న్యాయ సహాయం గురించి

సభాధ్యక్షులకు, అమెరికాలో స్థిరపడిన తెలుగువారందరికీ నమస్కారం.

పదవీ విరమణ చేసిన న్యాయమూర్తులు సాధారణంగా మధ్యవర్తిత్వం వైపో, బోధన వైపో వెళతారు. నేను మాత్రం వృత్తిని ఎక్కడ ప్రారంభించానో అక్కడికే, ఫీజు ఇచ్చుకోలేని వలసదారుల తరఫున నిలబడే న్యాయ సహాయ కేంద్రానికే తిరిగి వచ్చాను.

తీవ్ర నేరారోపణ ఎదుర్కొంటున్న పేదవాడికి ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1963లో గిడియన్ కేసులో ఈ దేశపు సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. దేశం నుంచి పంపించివేసే విచారణ మాత్రం చట్టం దృష్టిలో సివిల్ వ్యవహారం కనుక, అందులో వకీలును పెట్టుకునే హక్కు ఉన్నా ఆ ఖర్చు ప్రభుత్వం భరించదు. పైగా ఆ విచారణ జరిపే ఇమిగ్రేషన్ కోర్టులు స్వతంత్ర న్యాయవ్యవస్థలో భాగం కావు; కేంద్ర న్యాయశాఖ కింద పనిచేస్తాయి. అక్కడ ఒకవైపు ప్రభుత్వ న్యాయవాది ఉంటే, మరోవైపు ఇంగ్లీషు రాని కూలీ, ఒక్కోసారి తోడెవరూ లేని పిల్లవాడు నిలబడతారు. ఈ లోటును న్యాయపీఠం నుంచే గట్టిగా ఎత్తిచూపిన రాబర్ట్ కాట్జ్‌మన్ వంటి ఫెడరల్ న్యాయమూర్తి చొరవ ఫలితంగానే, 2013లో న్యూయార్క్ నగరం నిర్బంధంలో ఉన్న పేద వలసదారులకు ప్రజాధనంతో వకీళ్లను ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. అటువంటి ఏర్పాటు లేని ఊళ్లే ఎక్కువ.

నేను కూర్చున్న బెంచి మీద నుంచి, ఎదుట ఉన్న మనిషి తప్పు కాగితం పట్టుకొచ్చాడని తెలుస్తున్నా, సరైనది ఏదో చెప్పే వీలు ఉండేది కాదు. ఏ పక్షానికీ సలహా ఇవ్వకూడదన్నది ఆ ఆసనపు నియమం, అది సరైన నియమమే. ఇప్పుడు చెప్పవచ్చు. కేసు నడుస్తుండగా ఇల్లు మారినవారు ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం పంపి, ప్రభుత్వానికి తెలియజేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. కానీ కోర్టుకు ఈఓఐఆర్-33 అనే వేరే ఫారం ఐదు రోజుల గడువులో పంపాలి, దాని నకలు ప్రభుత్వ న్యాయవాదికీ చేరాలి. అది పంపనివారి విచారణ నోటీసు పాత ఇంటికి వెళుతుంది. వాయిదాకు రాలేదన్న కారణంతో వారు లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు వెలువడుతుంది. అందుకే మా కేంద్రంలో నేను వేసే మొదటి ప్రశ్న దేశం ఎందుకు విడిచి వచ్చారని కాదు, ఉత్తరాలు ఏ చిరునామాకు వస్తున్నాయని.

చేతిలో వీసా ఉంది కాబట్టి ఇది మన గొడవ కాదనుకునేవారు మనలో ఉన్నారు. వారికి 2019 నాటి ఫార్మింగ్టన్ ఉదంతం గుర్తుచేస్తాను: మిషిగన్‌లో ప్రభుత్వాధికారులే వల పన్ని నడిపిన ఆ బూటకపు విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకుని పట్టుబడినవారిలో ఎందరో తెలుగు పిల్లలే. అటువంటప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తరు.

సాయపడటానికి లా పట్టా తప్పనిసరి కాదు. న్యాయశాఖ గుర్తించిన స్వచ్ఛంద సంస్థలో శిక్షణ పొంది, పూర్తి స్థాయి అనుమతి తెచ్చుకున్న ప్రతినిధి కోర్టులో కూడా వాదించవచ్చు. అంత తీరిక లేనివారికి అనువాదం పని ఉంది. తెలుగులో ఉన్న జనన ధ్రువపత్రాన్నో, పోలీసు ఫిర్యాదునో కోర్టు తీసుకోవాలంటే ఇంగ్లీషు అనువాదమూ, దాని కింద అనువాదకుడి ధ్రువీకరణ సంతకమూ ఉండాలి. రెండు భాషలూ బాగా వచ్చినవారు సభ ముగిశాక నాకు పేరు రాసి ఇవ్వండి.